కుక్క ముఖం ఒకవైపు జారిపోయిందా? పోయింది స్పర్శా.. కదలికా? చిన్న కరెంట్ టెస్ట్‌తో డాక్టర్లు ఎలా తేలుస్తారంటే..

రాత్రి వరకూ బాగానే ఉంది. తెల్లారి లేచి చూస్తే మీ పెంపుడు కుక్క ముఖం ఏదో తేడాగా కనిపిస్తోంది. ఎడమ పెదవి కిందికి జారింది. ఎడమ చెవి వాలిపోయింది. ఆ వైపు కన్ను మూయడం లేదు. నీళ్లు తాగుతుంటే సగం నేల మీదే పడుతున్నాయి. ఇంట్లో పెద్దవాళ్లు చూడగానే అనే మాట ఒకటే.. "దీనికి పక్షవాతం వచ్చిందిరా!"

నిజంగా పక్షవాతమేనా? మెదడులో సమస్యా? లేక ఒక్క నరం దెబ్బతిందా? ఆ వైపు ముఖానికి స్పర్శ తెలుస్తోందా, లేదా? మనిషైతే డాక్టర్ అడిగిన వెంటనే చెప్పేస్తాడు. "ఇక్కడ తిమ్మిరిగా ఉంది సార్, ఇక్కడ తెలుస్తోంది" అని. కుక్క నోరు తెరిచి చెప్పలేదు కదా. అందుకే వెటర్నరీ న్యూరాలజిస్టులు నేరుగా నరాన్నే అడుగుతారు. చర్మం మీద సెకనులో పదివేల వంతు సేపు చిన్న కరెంట్ ఇచ్చి, నరం ఏం జవాబు చెబుతుందో స్క్రీన్ మీద చూస్తారు.

ఈ టెస్ట్ ఎలా పనిచేస్తుంది? కుక్కకు నొప్పి ఉంటుందా? దీనివల్ల ట్రీట్‌మెంట్‌లో ఏం మారుతుంది? అసలు ఏ పరిస్థితుల్లో కుక్క నోటి దగ్గరికి చెయ్యి కూడా తీసుకెళ్లకూడదు? ఒక్కొక్కటిగా చూద్దాం.

పేరు 'ఫేషియల్'.. కానీ ముఖానికి స్పర్శ ఇచ్చేది అది కాదు!

చాలామంది పొరబడేది ఇక్కడే. మెదడు నుంచి నేరుగా బయటికి వచ్చే నరాలు 12 జతలు ఉంటాయి. మనుషుల్లోనూ అంతే, కుక్కల్లోనూ అంతే. వీటిలో ముఖానికి సంబంధించి రెండు ముఖ్యం.

ఐదో నంబర్ నరం పేరు ట్రైజెమినల్. ముఖం మీద ఈగ వాలినా, మీరు చెంప నిమిరినా, ముల్లు గుచ్చుకున్నా ఆ కబురు మెదడుకు చేరవేసేది ఇదే. నమలడానికి దవడ కండరాలను కదిలించే పని కూడా దీనిదే.

ఏడో నంబర్ నరం పేరు ఫేషియల్. కనురెప్ప మూయడం, పెదవి పైకెత్తడం, చెవి రిక్కించడం.. ఇవన్నీ దీని పని. అంటే ముఖ్యంగా కదలికలు చూసుకునే నరం అన్నమాట. కన్నీటి గ్రంథికి ఆర్డర్ వేసేది కూడా ఇదే.

మరి ఫేషియల్ నర్వ్‌కు స్పర్శతో సంబంధమే లేదా? ఉంది. కాకపోతే చాలా తక్కువ. నాలుక ముందు భాగంలో రుచి, చెవి డొప్ప లోపలి వైపు కొంత చర్మం దీని కిందికి వస్తాయి. చెవి సంగతి ఆసక్తికరంగా ఉంటుంది, దాని గురించి తర్వాత చెప్పుకుందాం.

ఒక్క ముక్కలో చెప్పాలంటే.. కబురు తీసుకెళ్లేది ఐదో నరం, పని చేయించేది ఏడో నరం. ముఖం జారిపోయినప్పుడు రెండింటిలో ఏది దెబ్బతిందో తెలియడమే అసలు పరీక్ష.

200 ఏళ్ల కిందటి గాడిద కథ

ఈ రెండు నరాల విషయంలో మహామహులే తడబడ్డారు. 'బెల్స్ పాల్సీ' అనే పేరు వినే ఉంటారు. మనుషుల్లో ముఖం ఒకవైపు ఉన్నట్టుండి జారిపోయే సమస్య. ఆ పేరు చార్లెస్ బెల్ అనే బ్రిటన్ సర్జన్ నుంచే వచ్చింది.

ఆయన 1821లో ముఖ నరాల మీద చేసిన ప్రయోగాల వివరాలు ప్రచురించారు. గాడిద పై పెదవికి వెళ్లే ఐదో నరం కొమ్మను కోస్తే అది పెదవితో గింజలు అందుకోవడం మానేసింది. దాంతో ఈ నరం పెదవిని కదిలిస్తుందని బెల్ అనుకున్నారు.

ఆ తర్వాత కొద్ది కాలానికే హెర్బర్ట్ మేయో అనే మరో శాస్త్రవేత్త ఆ లెక్క తప్పని చూపించారు. గాడిద పెదవి కదలలేక కాదు, గింజలు తగులుతున్న సంగతే తెలియక తినడం మానేసింది. అంటే పోయింది కదలిక కాదు, స్పర్శ.

బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇప్పటికీ మీ కుక్క పెదవి పక్క నుంచి అన్నం జారిపోతుంటే అదే ప్రశ్న. అది పెదవి మూయలేకపోతోందా? లేక అక్కడ అన్నం ఉందనే తెలియడం లేదా?

మెషీన్ కంటే ముందు.. డాక్టర్ వేలితో చేసే టెస్ట్

కరెంట్ టెస్ట్ దాకా వెళ్లే ముందు డాక్టర్ చేతితోనే చాలా తెలుసుకుంటారు. కంటి మూలలో వేలితో మెల్లగా తడతారు. మామూలుగా అయితే కుక్క వెంటనే రెప్ప మూస్తుంది. తాకిన కబురు ఐదో నరం ద్వారా మెదడు కాండానికి వెళ్తుంది. "రెప్ప మూయి" అనే ఆర్డర్ ఏడో నరం ద్వారా తిరిగొస్తుంది.

రెప్ప మూయలేదంటే? వెళ్లే దారి పాడైనా మూయదు, వచ్చే దారి పాడైనా మూయదు. అప్పుడు డాక్టర్ ఇంకో విషయం గమనిస్తారు. కుక్కలకు కంటి లోపలి మూలలో మూడో రెప్ప ఉంటుంది. కనుగుడ్డును లోపలికి లాక్కునే కండరం కూడా ఉంటుంది. ఆ కండరం ఏడో నరం మీద ఆధారపడదు, దాన్ని నడిపేది ఆరో నరం.

కాబట్టి కంటి దగ్గర తాకినప్పుడు రెప్ప మూయకపోయినా, కనుగుడ్డు కాస్త లోపలికి వెళ్లి మూడో రెప్ప మెరుపులా అడ్డం వస్తే లెక్క తేలిపోతుంది. తాకిన సంగతి కుక్కకు తెలిసింది! స్పర్శ బాగానే ఉంది. కదలిక నరమే దెబ్బతింది. తాకగానే తల వెనక్కి తీసుకున్నా ఇదే అర్థం.

మరి ఇంత తెలిశాక మెషీన్ ఎందుకు? ఎందుకంటే వేలి టెస్ట్ 'ఉంది, లేదు' అని మాత్రమే చెబుతుంది. నరం ఎంత శాతం పనిచేస్తోంది, దెబ్బ ఎక్కడ తగిలింది, కోలుకునే అవకాశం ఉందా అన్నది చెప్పలేదు. కుక్క భయపడి ఉన్నా, మొండిగా ఉన్నా, బాగా నీరసంగా ఉన్నా ఆ జవాబును పూర్తిగా నమ్మలేం.

కరెంట్ టెస్ట్ ఎలా చేస్తారు?

దీన్ని మొత్తంగా ఎలక్ట్రోడయాగ్నస్టిక్ టెస్ట్ అంటారు. మనుషులకు చేసే నర్వ్ కండక్షన్ స్టడీ, ఈఎంజీ లాంటిదే. స్టెప్ బై స్టెప్ చూస్తే..

1. ముందు మత్తు. కుక్కకు జనరల్ అనస్తీషియా గానీ, గట్టి సెడేషన్ గానీ ఇస్తారు. మనుషులకు మెలకువగా ఉన్నప్పుడే చేస్తారు, చురుక్కుమన్నట్టు ఉంటుంది అంతే. కుక్క కదలకుండా ఉండదు కాబట్టి మత్తు తప్పదు.

2. సన్నని సూదుల్లాంటి ఎలక్ట్రోడ్లు పెడతారు. రెండు కరెంట్ ఇవ్వడానికి, రెండు సిగ్నల్ పట్టుకోవడానికి, ఒకటి గ్రౌండ్ కోసం.

3. కరెంట్ ఇస్తారు. అది కూడా గట్టిగా 0.1 నుంచి 0.2 మిల్లీ సెకన్ల పాటే. మొదట చాలా తక్కువగా మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతారు. ఎంత పెంచినా జవాబు ఇక పెరగడం లేదంటే నరంలోని తంతువులన్నీ పలికినట్టే. అక్కడి నుంచి ఇంకాస్త పెంచి, ఆ స్థాయిలో రీడింగ్ తీసుకుంటారు.

4. స్క్రీన్ మీద గీత వస్తుంది. ఎంత ఆలస్యంగా వచ్చింది, ఎంత ఎత్తు ఉంది, ఎంత వెడల్పు ఉంది.. ఈ మూడూ కొలుస్తారు.

ఎత్తు తగ్గితే నరంలో చాలా తంతువులు చచ్చిపోయాయని అనుమానం. ఆలస్యం పెరిగితే నరం చుట్టూ ఉండే మైలిన్ అనే పొర దెబ్బతిన్నదని అనుమానం. కరెంట్ వైరుకు ప్లాస్టిక్ తొడుగు ఎలాగో నరానికి మైలిన్ అలాగన్నమాట. తొడుగు పోతే సిగ్నల్ నెమ్మదిస్తుంది.

స్పర్శ సిగ్నల్ పట్టుకోవడం ఎందుకంత కష్టం?

కదలిక నరాన్ని టెస్ట్ చేయడం కాస్త సులువు. చెవి కింద ఫేషియల్ నర్వ్ బయటికి వచ్చే చోట కరెంట్ ఇస్తే కంటి చుట్టూ ఉన్న కండరమో, ముక్కు పక్క కండరమో టక్కున కదులుతుంది. కండరం నుంచి వచ్చే సిగ్నల్ పెద్దది, మిల్లీవోల్టుల్లో ఉంటుంది.

స్పర్శ నరం అలా కాదు. దాని చివర కదిలే కండరం ఉండదు. నరం సిగ్నల్‌నే నేరుగా పట్టుకోవాలి. అది మైక్రోవోల్టుల్లో ఉంటుంది. ఎంత చిన్నదంటే.. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్ 1.5 వోల్టులు కదా? దాన్ని లక్షన్నర భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం 10 మైక్రోవోల్టులు. అలాంటి సిగ్నల్‌ను పట్టుకోవాలి.

ఆ గదిలో ట్యూబ్‌లైట్, ఏసీ, ఫోన్ చార్జర్ అన్నీ ఎంతో కొంత ఎలక్ట్రికల్ గోల చేస్తూనే ఉంటాయి. జాతర మైకుల మధ్య గుసగుస వినడం లాంటిది ఇది. అందుకే డాక్టర్లు ఒక చిట్కా వాడతారు. ఒకే చోట వంద సార్లు కరెంట్ ఇచ్చి, వచ్చిన వంద గీతల సగటు తీస్తారు. గోల ప్రతిసారీ ఒకేలా ఉండదు కాబట్టి దానికదే కొట్టుకుపోతుంది. నరం జవాబు మాత్రం ప్రతిసారీ అదే సమయానికి వస్తుంది కాబట్టి మిగిలిపోతుంది. వంద సార్ల సగటు తీస్తే గోల దాదాపు పదో వంతుకు తగ్గుతుంది.

ముఖం విషయంలో ఎక్కువగా వాడుకునేది ఇన్‌ఫ్రాఆర్బిటల్ నర్వ్. ఐదో నరం కొమ్మే ఇది. కంటి కింద ఎముకలో ఉన్న చిన్న రంధ్రం నుంచి బయటికి వచ్చి పై పెదవికి, ముక్కుకు, మీసాల ప్రాంతానికి స్పర్శ ఇస్తుంది. ఇక్కడ కరెంట్ ఇచ్చి, ఆ కబురు మెదడుకు చేరినప్పుడు వచ్చే అలలను తల మీద పెట్టిన ఎలక్ట్రోడ్లతో రికార్డు చేయొచ్చు.

వందే భారత్ కంటే స్పీడ్!

నరంలో సిగ్నల్ స్పీడ్ ఎలా లెక్కిస్తారంటే అది మనం స్కూల్లో చేసిన లెక్కే. దూరాన్ని సమయంతో భాగించడం. ఉదాహరణకు రెండు ఎలక్ట్రోడ్ల మధ్య దూరం 6 సెంటీమీటర్లు, సిగ్నల్‌కు పట్టిన సమయం ఒక మిల్లీ సెకను అనుకుందాం. అంటే సెకనుకు 60 మీటర్లు. గంటకు చూస్తే 216 కిలోమీటర్లు. మన వందే భారత్ రైలు గరిష్ఠంగా నడిచే స్పీడ్ గంటకు 160 కిలోమీటర్లే.

ఒకప్పుడు దీన్ని కొలవడం అసాధ్యం అనుకునేవాళ్లు. 1850లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరం మీద కొలిచి చూపించారు. ఆ తర్వాత నరంలోని తంతువులు లావును బట్టి వేర్వేరు స్పీడ్‌లలో సిగ్నల్ పంపుతాయని తేల్చినందుకు ఎర్లాంగర్, గాసర్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలకు 1944 నోబెల్ బహుమతి దక్కింది. ఈ రోజు పెట్ హాస్పిటల్ స్క్రీన్ మీద కనిపించే గీత వెనుక అంత చరిత్ర ఉంది.

ఒకే షాక్.. రెండు నరాల రిపోర్ట్

ఇక అసలైన టెస్ట్ దగ్గరికి వద్దాం. దీని పేరు బ్లింక్ రిఫ్లెక్స్. డాక్టర్ వేలితో చేసిన పనినే ఇక్కడ మెషీన్ చేస్తుంది.

కనుబొమ్మ దగ్గర ఐదో నరం కొమ్మకు చిన్న కరెంట్ ఇస్తారు. రెండు కళ్ల చుట్టూ ఉన్న కండరాల్లో ఎలక్ట్రోడ్లు పెట్టి జవాబు కోసం చూస్తారు. మనుషుల్లో ఈ పద్ధతిని స్వీడన్ డాక్టర్ ఎరిక్ కుగెల్‌బర్గ్ 1952లో వివరించారు. ఆ తర్వాత కుక్కల్లోనూ చేశారు. 2000 సంవత్సరంలో బీగిల్ జాతి కుక్కల మీద ఇలాంటి స్టడీ ఒకటి ప్రచురితమైంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో నార్మల్ అంటే ఎంత అనేది తెలిస్తేనే కదా జబ్బు కుక్కలో తేడా తెలిసేది!

ఒక్క షాక్‌కు రెండు రకాల జవాబులు వస్తాయి. మొదటిది ఆర్1. షాక్ ఇచ్చిన వైపే, చాలా త్వరగా వస్తుంది. మనుషుల్లో సుమారు 10 మిల్లీ సెకన్లకు. రెండోది ఆర్2. మెదడు కాండంలో చాలా మలుపులు తిరిగి వస్తుంది కాబట్టి ఆలస్యం. మనుషుల్లో సుమారు 30 మిల్లీ సెకన్లు. ఇది రెండు కళ్లలోనూ వస్తుంది.

ఇక్కడే మజా ఉంది. కుక్కకు ఎడమ వైపు సమస్య అనుకుందాం. ఏం కనిపిస్తుందంటే..

* ఎడమ ఫేషియల్ నర్వ్ దెబ్బతింటే: ఎడమవైపు షాక్ ఇచ్చినా, కుడివైపు ఇచ్చినా ఎడమ కన్ను పలకదు. కానీ ఎడమవైపు షాక్ ఇచ్చినప్పుడు కుడి కన్ను పలుకుతుంది. అంటే కబురు వెళ్లింది, స్పర్శ బాగుంది. ఆర్డర్ వచ్చే దారి మాత్రమే తెగింది.

* ఎడమ ట్రైజెమినల్ నర్వ్ దెబ్బతింటే: ఎడమవైపు షాక్ ఇస్తే రెండు కళ్లూ పలకవు. కబురే వెళ్లలేదు కదా. కానీ కుడివైపు షాక్ ఇస్తే రెండు కళ్లూ పలుకుతాయి. అంటే ఎడమ కన్ను కదలగలదు, దానికి స్పర్శే లేదు.

* మెదడు కాండంలో సమస్య ఉంటే: ఆర్1 బాగుండి ఆర్2 పాడవడం లాంటి తికమక ప్యాటర్న్‌లు వస్తాయి. అప్పుడు ఎంఆర్ఐ గురించి ఆలోచిస్తారు.

ఇంటి కాలింగ్ బెల్‌తో పోల్చి చూడండి. బెల్ మోగలేదు. స్విచ్ పాడైందా, బెల్లే పాడైందా? రెండో గదిలో ఇంకో బెల్ ఉండి, అదే స్విచ్‌కు అది మోగితే స్విచ్ బాగున్నట్టే. డాక్టర్లు చేసేదీ అదే.

అయితే ఒక చిక్కు ఉంది. కుక్కల్లో, అందులోనూ మత్తులో ఉన్నప్పుడు, అవతలి వైపు ఆర్2 ప్రతిసారీ స్పష్టంగా రాదు. అందుకే డాక్టర్లు దీని మీదే ఆధారపడరు. చెవి కింద ఫేషియల్ నర్వ్‌కు నేరుగా కరెంట్ ఇచ్చి కూడా చూస్తారు. నేరుగా ఇస్తే కండరం పలికి, కనుబొమ్మ దగ్గర ఇస్తే పలకకపోతే.. చెవి కింద నుంచి కండరం దాకా దారి బాగానే ఉంది, సమస్య అంతకంటే లోపల ఎక్కడో ఉందని అర్థం.

చెవి డొప్ప లోపల ఏముంది?

ముందు చెప్పుకున్న చెవి సంగతికి వద్దాం. ఫేషియల్ నర్వ్‌కు చర్మం మీద ఉన్న కాస్త జాగా కుక్క చెవి డొప్ప లోపలి వైపే. 1983లో వేలెన్, కిచెల్ అనే పరిశోధకులు దీని మీద పని చేశారు. చెవి లోపలి చర్మాన్ని తాకుతూ, ఏ నరంలో సిగ్నల్ వస్తోందో రికార్డు చేస్తూ, ఏ నరానికి ఎంత జాగా అని మ్యాప్ గీశారు.

ఆ చిన్న చెవిలోనే ఐదో నరం, ఏడో నరం, మెడ నుంచి వచ్చే నరాలు పొలం గట్ల లాగా పక్కపక్కనే ఉంటాయి. కొన్నిచోట్ల ఒకదాని జాగాలోకి ఇంకొకటి వస్తుంది. అందుకే చెవి లోపల గిల్లి చూసి, కుక్క తల విదిలించింది కాబట్టి ఫేషియల్ నర్వ్ స్పర్శ బాగుందని చెప్పేయడం కష్టం. పక్క నరం కూడా ఆ కబురు మోసి ఉండొచ్చు. ఏ నరం మోసిందో విడదీసి చెప్పగలిగేది ఎలక్ట్రికల్ రికార్డింగ్ మాత్రమే.

రిజల్ట్ తప్పుగా వచ్చే ఛాన్స్ ఉందా?

ఉంది. అందుకే రిపోర్ట్‌లో నంబర్ ఒక్కటే చూసి కంగారు పడొద్దు. ముఖ్యంగా నాలుగు విషయాలు చూడాలి.

మొదటిది టెంపరేచర్. మత్తులో ఉన్న కుక్క ఒళ్లు చల్లబడుతుంది. ఒక డిగ్రీ సెల్సియస్ తగ్గితే నరం స్పీడ్ సెకనుకు సుమారు 2 మీటర్లు పడిపోతుంది. ఏసీ గదిలో చల్లబడ్డ కుక్కకు టెస్ట్ చేస్తే ఆరోగ్యమైన నరం కూడా జబ్బు నరంలా కనిపిస్తుంది. అందుకే దుప్పటో, హీటింగ్ ప్యాడో వాడతారు.

రెండోది వయసు. చిన్న పిల్లల్లో మైలిన్ ఇంకా పూర్తిగా ఏర్పడదు. రెండు నెలల పప్పీ రిపోర్ట్‌ను పెద్ద కుక్క నంబర్లతో పోల్చకూడదు.

మూడోది టైమింగ్. ఇది చాలా ముఖ్యం. నరం ఈ రోజు తెగినా, తెగిన చోటు నుంచి కండరం దాకా ఉన్న ముక్క వెంటనే చచ్చిపోదు. కొన్ని రోజుల పాటు కరెంట్ ఇస్తే పలుకుతూనే ఉంటుంది. అంటే మొదటి రోజే టెస్ట్ చేస్తే 'నార్మల్' అని రావొచ్చు! కండరంలో సూది పెట్టి చేసే ఈఎంజీలో తేడాలు కనిపించడానికి కూడా సుమారు వారం పడుతుంది. డాక్టర్ "ఓ వారం ఆగి చేద్దాం" అంటే అది నిర్లక్ష్యం కాదు, లెక్క ప్రకారం చెప్పిన మాటే.

నాలుగోది మత్తు మందు. నరం స్పీడ్ మీద దీని ప్రభావం తక్కువ. కానీ మెదడు కాండం గుండా తిరిగొచ్చే ఆర్2 లాంటి జవాబులను మత్తు బాగా తగ్గించేస్తుంది.

కుక్కకు నొప్పి ఉంటుందా?

మత్తులో ఉంటుంది కాబట్టి టెస్ట్ జరుగుతున్నప్పుడు తెలియదు. ఇచ్చే కరెంట్ కూడా చాలా చిన్నది, సమయం అంతకంటే చిన్నది. సూదులు పెట్టిన చోట కాస్త నలిగినట్టు ఉండొచ్చు. అసలు రిస్క్ కరెంట్‌తో కాదు, అనస్తీషియాతోనే. ముసలి కుక్క, గుండె జబ్బున్న కుక్క అయితే ముందే బ్లడ్ టెస్టులు, గుండె పరీక్ష చేయించాలి. ఈ టెస్ట్ చేయిస్తే ట్రీట్‌మెంట్ మారుతుందా అని డాక్టర్‌ను నేరుగా అడగండి. మారదని చెబితే మత్తు ఇవ్వాల్సిన అవసరం ఉందా అని ఆలోచించొచ్చు.

ముఖం ఎందుకు జారుతుంది?

ఎక్కువ కేసుల్లో కారణమే దొరకదు. మనుషుల్లో బెల్స్ పాల్సీ లాగే ఉన్నట్టుండి వస్తుంది. కాకర్ స్పేనియల్ జాతిలో ఇది ఎక్కువ.

తర్వాతి అనుమానం చెవి మీద. ఫేషియల్ నర్వ్ బయటికి వచ్చే దారి మధ్య చెవిని ఆనుకునే ఉంటుంది. చెవిలో చీము లోపలి దాకా వెళ్తే నరం దెబ్బతింటుంది. తల ఒకవైపు వంచడం, నడుస్తూ తూలడం కూడా ఉంటే చెవి లోపలి భాగం కూడా దెబ్బతిన్నదని డాక్టర్లు అనుమానిస్తారు. చెవులు వేలాడే జాతుల్లో వానాకాలం చెవి తడిగా ఉండిపోతే ఇన్‌ఫెక్షన్ల బెడద ఎక్కువ. థైరాయిడ్ తగ్గడం, యాక్సిడెంట్ దెబ్బలు, గడ్డలు.. ఇవి కూడా కారణాలే. చెవి ఆపరేషన్ తర్వాత కూడా కొన్నిసార్లు ఇలా అవుతుంది.

ఇంకో తికమక ఏంటంటే ముక్కు. కొత్తగా వచ్చినప్పుడు ముక్కు బాగున్న వైపుకు లాగినట్టు ఉంటుంది, ఎందుకంటే ఆ వైపు కండరాలే పనిచేస్తున్నాయి. నెలలు గడిచి పాడైన కండరాలు బిగుసుకుపోతే ముక్కు పాడైన వైపుకే తిరుగుతుంది. అప్పుడు చూసినవాళ్లు బాగున్న వైపునే జబ్బు వైపు అనుకుంటారు.

జాగ్రత్త.. నోరు మూయలేకపోతే చెయ్యి పెట్టొద్దు!

ఇది తప్పకుండా చదవండి. ముఖం ఒకవైపు జారడం వేరు. కింది దవడ మొత్తం వేలాడిపోయి, నోరు మూయలేక, చొంగ కారుస్తూ ఉండటం వేరు. రెండో దానికి ఐదో నరం రెండు వైపులా దెబ్బతినడం కారణం కావొచ్చు. అది చాలా కుక్కల్లో కొన్ని వారాల్లో తగ్గిపోతుంది కూడా. కానీ సరిగ్గా ఇవే లక్షణాలు రేబిస్‌లోనూ ఉంటాయి.

రేబిస్ అంటే కరవడానికి మీదికొచ్చే పిచ్చి కుక్కే మనకు గుర్తొస్తుంది. కానీ ఇంకో రకం ఉంది. అందులో కుక్క మూలన కూర్చుంటుంది, గొంతు మారుతుంది, మింగలేదు, దవడ వేలాడుతుంది. "గొంతులో ఎముక ఇరుక్కుందేమో" అని చాలామంది నోట్లో చెయ్యి పెట్టి చూస్తారు. ప్రాణం మీదికి తెచ్చుకునే పొరపాటు ఇదే. ప్రపంచంలో రేబిస్ మరణాల్లో సుమారు 36 శాతం మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

వ్యాక్సిన్ వేయని కుక్క, ఎప్పుడు ఏది కరిచిందో తెలియని కుక్క ఇలా కనిపిస్తే దూరంగా ఉంచి పశువైద్యుడికి చెప్పండి. అలాంటి కుక్కకు కరెంట్ టెస్టులు కాదు, ముందు రేబిస్ అనుమానం తీరాలి. కరిచినా, గీరినా, చొంగ గాయానికి తగిలినా వెంటనే 15 నిమిషాలు ధారగా పారే నీటితో, సబ్బుతో కడిగి అదే రోజు హాస్పిటల్‌కు వెళ్లండి. లక్షణాలు మొదలయ్యాక రేబిస్‌కు మందు లేదనే చెప్పాలి.

ఏటా జులై 6న జూనోసిస్ డే సందర్భంగా తెలుగు రాష్ట్రాల్లో పశువైద్యశాలల్లో ఉచితంగా యాంటీ రేబిస్ టీకాల క్యాంపులు పెడుతుంటారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ ఒక బాలుడికి తొలిసారి రేబిస్ టీకా ఇప్పించారు. ఆ ఒక్క టీకా మీ కుక్కకు ఉంటే, ముఖం జారిన రోజున మీకూ డాక్టర్‌కూ సగం భయం తీరిపోతుంది.

ఇంట్లో మీరు చేయాల్సింది ఏంటి?

కుక్కకు రెగ్యులర్‌గా టీకాలు పడుతున్నాయి, హుషారుగానే ఉంది, ముఖం ఒకవైపు మాత్రమే జారింది అనుకుందాం. అప్పుడు..

* ముందు కన్ను చూసుకోండి. రెప్ప మూయక, కన్నీరు తగ్గి కన్ను ఎండిపోతుంది. పట్టించుకోకపోతే పుండు పడి చూపే పోవచ్చు. డాక్టర్ చెప్పిన కన్నీటి చుక్కలో, జెల్లో టైమ్ ప్రకారం వేయండి. నరం కోలుకునేదాకా కన్నును కాపాడటమే అసలు ట్రీట్‌మెంట్.

* కన్నీరు ఎంత వస్తోందో కొలిచే షిర్మర్ టెస్ట్ చేయించండి. చిన్న కాగితం ముక్కను రెప్ప కింద ఒక నిమిషం పెడతారంతే. తడి 15 మిల్లీమీటర్లు, ఆపైన పాకితే నార్మల్.

* తిన్నాక పెదవి పక్కన ఇరుక్కున్న అన్నం తీసి, నోరు తుడవండి.

* ఫోన్‌లో వీడియో తీయండి. తినేటప్పుడు, తాగేటప్పుడు, మీరు పిలిచినప్పుడు చెవులు కదిలే తీరు.. డాక్టర్‌కు ఇది చాలా పనికొస్తుంది. క్లినిక్‌లో భయపడ్డ కుక్క ఇవేవీ చూపించదు.

* మనుషుల మందులు, స్టెరాయిడ్లు సొంతంగా వేయొద్దు. చెవిలో ఇన్‌ఫెక్షన్ ఉంటే స్టెరాయిడ్ దాన్ని ఇంకా ముదరబెట్టొచ్చు.

ఈ కరెంట్ టెస్ట్ మెషీన్ ప్రతి క్లినిక్‌లోనూ ఉండదు. అవసరమైతే వెటర్నరీ కాలేజీ హాస్పిటల్‌కో, న్యూరాలజీ చూసే పెద్ద పెట్ హాస్పిటల్‌కో రిఫర్ చేస్తారు. వెళ్లే ముందు ఫోన్ చేసి సదుపాయం ఉందో లేదో, ఖర్చు ఎంతో కనుక్కోండి. చెవి పరీక్ష, థైరాయిడ్ టెస్ట్ లాంటివి దగ్గర్లోనే ముందు చేయించుకుంటే తిరుగుడు తగ్గుతుంది.

తగ్గుతుందా మరి?

నరం మళ్లీ పెరగగలదు. కాకపోతే రోజుకు సుమారు ఒక మిల్లీమీటర్ చొప్పునే. అందుకే వారాలు, కొన్నిసార్లు నెలలు పడుతుంది. కొన్ని కుక్కలు పూర్తిగా కోలుకుంటాయి. కొన్నింటికి కొంత వంకర అలాగే ఉండిపోతుంది. మొదటి టెస్ట్‌లో చిన్నదైనా జవాబు కనిపిస్తే ఆశ ఎక్కువ. ఏమాత్రం పలకకపోతే ఎక్కువ కాలం ఎదురుచూడాలి.

ముఖం వంకరైనంత మాత్రాన కుక్క బతుకు ఆగిపోదు. తింటుంది, పరిగెడుతుంది, మీరు గేటు తీయగానే తోక ఊపుతుంది. తోకకూ ఫేషియల్ నర్వ్‌కూ సంబంధం లేదు కదా! అది చెప్పలేని మాటను దాని నరంతో చెప్పించడానికి డాక్టర్ దగ్గర మెషీన్ ఉంది. మీరు చేయాల్సిందల్లా ఆ ఎండిపోతున్న కంట్లో టైమ్‌కు చుక్కలు వేయడం, టీకా కార్డు ఒకసారి తీసి చూసుకోవడం.